ముల్లు చెప్పే వేగం... గడియారం చెప్పే వేగం!

ఆలమూరు నుంచి రాజమండ్రి వెళ్లొచ్చిన మనిషిని 'ఎంత స్పీడులో వచ్చావ్?' అని అడిగితే రెండు జవాబులుంటాయి. రెండూ నిజమే! ఒకటి ఇంటికి ఎప్పుడు చేరతామో చెబుతుంది. రెండోది... అసలు చేరతామో లేదో చెబుతుంది.

'రాజమండ్రి ఎంతసేపు ప్రయాణమండీ?' ఆలమూరు సెంటర్లో నిలబడి ఎవర్నడిగినా జవాబు ఠక్కున వస్తుంది. 'ఆయ్... ముప్పావుగంట పడద్దండి!' అని.

అడిగింది దూరం గురించి కావచ్చు. కానీ ఈ ఊళ్లో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాళ్లు తక్కువ. నిమిషాల్లోనే చెబుతారు. ఆ జవాబు వెనక వాళ్లకే తెలియకుండా వాళ్లు చేసేసిన లెక్క ఒకటుంది. దాని పేరే సగటు వేగం. బడిపుస్తకాల భాషలో సరాసరి వడి.

లెక్క సులువుగా ఉండటానికి దూరం 30 కిలోమీటర్లనుకుందాం. ముప్పావుగంటలో 30 కిలోమీటర్లంటే గంటకు 40. అంతే కదా! మరి బండెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా మీటరులోని ముల్లు 40 మీదే నిలబడిందా? ఎందుకు నిలబడుతుంది! ఊళ్లో జనం మధ్య 20. ముందు కొబ్బరికాయల ట్రాక్టరు వెళ్తుంటే 15. జొన్నాడ సెంటర్లో లారీకి దారిస్తూ సున్నా. హైవే ఎక్కగానే 60, 70, 80... కడియపులంక నర్సరీల దగ్గర మొక్కలు కొనడానికి ఆగిన కార్లను చూసి మళ్లీ 30. ఇన్ని అంకెల మధ్య ముల్లు సరిగ్గా 40 మీద ఉన్నది లెక్కపెడితే ఏ కొన్ని క్షణాలో!

అంటే, దారి పొడవునా ఆ బండి దాదాపుగా ఎప్పుడూ నడవని వేగమే దాని సగటు వేగం. ఏ క్షణానికి ఆ క్షణం ముల్లు చూపించేది తక్షణ వేగం. ఒకటి గడియారం చెప్పే మాట. రెండోది ముల్లు చెప్పే మాట. ఈ రెండింటికీ తేడా తొమ్మిదో తరగతి పిల్లలు పరీక్ష కోసం చదువుతారు. జాతీయ రహదారి పక్కన బతికే ఊళ్లవాళ్లు మాత్రం రోజూ ప్రాణం కోసం చదవాల్సిన పాఠమిది.

నలభై పెంచితే... తొమ్మిదే!

ఆలమూరు కోనసీమకు ఒక గుమ్మం లాంటిది. మండలంలోని జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటితే అవతల రావులపాలెం. మద్రాసు నుంచి కలకత్తా పోయే పాత ఐదో నంబరు రహదారి, ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి, ఈ మండలం మీదుగానే వెళ్తుంది. మడికి కూరగాయల మార్కెట్టుకు వచ్చే వ్యాన్లూ, రావులపాలెం నుంచి అరటిగెలలతో బయల్దేరే లారీలూ, ఎక్కడో ఒడిశా నుంచి చెన్నై పోతున్న కంటెయినర్లూ అన్నీ ఆ రోడ్డు మీదే. పొలం నుంచి గడ్డిమోపుతో ఇంటికి వచ్చే సైకిలూ దాన్నే దాటాలి.

ఈ రోడ్డెక్కగానే చాలామందికి ఒక ఆశ పుడుతుంది. 'ఊళ్లో పోయిన టైమంతా ఇక్కడ లాగేద్దాం' అని. వెనక కూర్చున్న ఇల్లాలు 'ఏవండీ, కాస్త నెమ్మదిగా...' అంటుంది. 'నువ్వుండవే, లేటైపోతోంది' అంటాడాయన. ఇంతకీ ఎంత లాగొచ్చు? పెన్నూ కాగితం తీసి లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది.

మన 30 కిలోమీటర్లలో 10 కిలోమీటర్లు ఊళ్లూ, సెంటర్లూ, పట్నం వీధులూ అనుకుందాం. వాటికి 25 నిమిషాలు పడుతుంది. అక్కడ ఎవరూ ఏమీ చేయలేరు. మిగిలిన 20 కిలోమీటర్లు హైవే.

హైవే మీద 60లో వెళ్తే 20 నిమిషాలు. మొత్తం ప్రయాణం 45 నిమిషాలు. సగటు 40.

80లో వెళ్తే 15 నిమిషాలు. మొత్తం 40 నిమిషాలు. సగటు 45.

100లో వెళ్తే 12 నిమిషాలు. మొత్తం 37 నిమిషాలు. సగటు 49కి కాస్త తక్కువ.

చూశారా! ముల్లును 60 నుంచి 100కు, అంటే ఏకంగా 40 పైకి తోస్తే, సగటు వేగం పెరిగింది తొమ్మిదిలోపే. మిగిలింది ఎనిమిది నిమిషాలు. అందులోనూ మొదటి 20 పెంచినందుకు ఐదు నిమిషాలు కలిసొస్తే, ఆపైన మరో 20 పెంచినందుకు కలిసొచ్చింది మూడే. ఇంకా పెంచితే ఇంకా తక్కువ. సగటును కిందికి గుంజేది ఎప్పుడూ నెమ్మదిగా సాగే భాగమే. హైవే మీద ఎంత దూకుడుగా పోయినా ఆ బరువును లేపడం కష్టం.

రైళ్ల సంగతీ ఇంతే. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో నడిచేలా తయారైంది వందేభారత్. సికింద్రాబాద్-విశాఖపట్నం మధ్య దాన్ని 2023 జనవరి 15న ప్రారంభించినప్పుడు 699 కిలోమీటర్ల దూరానికి ఇచ్చిన సమయం ఎనిమిదిన్నర గంటలు. భాగిస్తే గంటకు 82. పట్టాలు అనుమతించే వేగం, మలుపులు, రాజమండ్రిలాంటి చోట్ల ఆగడం, మళ్లీ అందుకోవడం... ఇవన్నీ కలిసి సగటును అక్కడికి తెచ్చాయి. అంత పెద్ద రైలుకే తప్పని లెక్క మన మోటారుసైకిలుకు తప్పుతుందా?

కొబ్బరిచెట్టు మీంచి పడితే...

సగటు వేగం పెంచడానికి ఎంతో బతిమాలాలి. అదే ప్రమాదమైతే పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. ఎందుకంటే దానికి సగటుతో పనిలేదు. బండి ఢీకొన్న ఆ క్షణంలో ముల్లు ఎక్కడుందన్నదే దానికి కావాలి. 'ఇందాకంతా నెమ్మదిగానే వచ్చానండీ' అంటే లారీ ఒప్పుకోదు. కల్వర్టు గోడ అసలే ఒప్పుకోదు.

పైగా దెబ్బ తీవ్రత వేగంతో సమానంగా పెరగదు. వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలు. కోనసీమ భాషలో చెప్పాలంటే... 60 వేగంలో గోడను కొట్టడం 14 మీటర్ల ఎత్తున్న కొబ్బరిచెట్టు మీంచి కిందపడటంతో సమానం. 100లో కొట్టడమంటే 39 మీటర్ల మీంచి పడ్డట్టు. అలాంటి చెట్లను దాదాపు మూడింటిని ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, ఆ పైనుంచి దూకినట్టు! దింపు తీసే మనిషి చెట్టెక్కేటప్పుడు మోకు ఒకటికి రెండుసార్లు చూసుకుంటాడు. బండెక్కేవాళ్లలో హెల్మెట్‌ బకిల్‌ చూసుకునేవాళ్లెందరు?

బ్రేకు సంగతి ఇంకా భయపెడుతుంది. ఎదురుగా గేదె అడ్డం వచ్చింది. కన్ను చూసి, కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. రోడ్డు పొడిగా ఉంది, బ్రేకులు బాగున్నాయి. 60లో వస్తున్న కారు ఆ ఒకటిన్నర సెకనులో 25 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు పడ్డాక మరో 20 మీటర్లు జారి, సుమారు 45 మీటర్ల దగ్గర ఆగుతుంది. గేదె బతుకుతుంది, మనమూ బతుకుతాం.

100లో వస్తున్న కారు? బ్రేకు మీద కాలు పడకముందే 42 మీటర్లు అయిపోతాయి. ఆపడానికి మిగిలింది మూడంటే మూడు మీటర్లు. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన అదే చోట రెండో కారు ముల్లు ఇంకా 95కు పైనే ఉంటుంది! అది ఆగాలంటే దాదాపు 100 మీటర్లు కావాలి. ఇదంతా మనం మిగుల్చుకున్న ఆ ఎనిమిది నిమిషాలకు కట్టే వడ్డీ.

ఈ వడ్డీ ఎంత పెద్దదో ప్రభుత్వ లెక్కలే చెబుతాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం మరణాలకు నమోదైన కారణం అతివేగం. వాళ్లలో ఎంతమంది సగటు వేగం చాలా మామూలుగా ఉండి ఉంటుందో!

కాలువ లోతు తెలియనిదెవరికి? 'సగటున మోకాలి లోతే' అంటే గోదావరి జిల్లాల పిల్లాడెవడూ నమ్మి దిగడు. మధ్యలో ఎక్కడ గుంట ఉందో అడుగుతాడు. వేగం దగ్గరే ఎందుకో ఆ తెలివి మరిచిపోతాం.

క్షణమంటే ఎంత?

ఇంతకీ 'ఆ క్షణంలో వేగం' అనే మాటలోనే ఓ చిక్కుంది. వేగమంటే దూరాన్ని కాలంతో భాగించడం. ఒక్క క్షణంలో, అంటే కాలమే లేనిచోట, బండి కదిలే దూరం సున్నా. సున్నాను సున్నాతో భాగిస్తే ఏమొస్తుంది? ఏమీ రాదు. మరి ముల్లు ఏం చూపిస్తున్నట్టు?

పరుగుల వీరుడు ఉసేన్‌ బోల్ట్‌ను తీసుకుందాం. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లను 9.58 సెకన్లలో పూర్తిచేశాడు. సగటున గంటకు 37.6 కిలోమీటర్లు. అయితే అదే పరుగులో 60 మీటర్ల నుంచి 80 మీటర్ల దాకా ఉన్న ముక్కను 1.61 సెకన్లలో దాటాడు. అక్కడ లెక్కేస్తే దాదాపు 44.7! ముక్కను ఇంకా చిన్నది చేస్తే? పది మీటర్లు, మీటరు, జానెడు... అలా కాలాన్ని తరిగేకొద్దీ వచ్చే జవాబులు ఒక అంకె దగ్గరకు చేరుకుంటాయి. ఆ అంకే తక్షణ వేగం. 17వ శతాబ్దంలో న్యూటన్, లైబ్నిజ్‌ ఈ ఆలోచన మీదే కలనగణితాన్ని కట్టారు.

రోడ్డు పక్కన పోలీసులు పట్టుకునే లేజర్‌ స్పీడుగన్‌ చేసేదీ అదే. కంటికి కనపడని కాంతి తునకలను వరసగా బండి మీదకు కొడుతుంది. ఒక్కొక్కటి తిరిగి వచ్చేందుకు పట్టిన సమయాన్ని బట్టి బండి ఎంత దగ్గరైందో చూస్తుంది. అర సెకను కూడా పట్టని పని. 100లో వచ్చే కారు సెకనులో మూడో వంతు కాలంలో కదిలేది 9 మీటర్లే. అంత చిన్న ముక్కకు తీసిన సగటును మనం తక్షణ వేగమని ఒప్పుకోవచ్చు. 'సార్, ఆలమూరులో బయల్దేరి అరగంటైంది, ఇప్పటికి ఇరవై కిలోమీటర్లే వచ్చాను' అని ఎంత వాదించినా అది గడియారం లెక్క. చలానా రాసేది ముల్లు లెక్క మీద! మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్‌ను 2019లో సవరించాక కారులాంటి తేలికపాటి వాహనానికి అతివేగం జరిమానా 1,000 నుంచి 2,000 రూపాయలు. లారీ, బస్సులాంటి వాటికి 2,000 నుంచి 4,000.

పంచాంగంలోనూ ఉంది!

ఇదంతా పడమటి దేశాల చదువనుకుంటే పొరపాటు. ప్రతి తెలుగింట్లో గోడకు వేలాడే పంచాంగం నిండా ఈ తేడానే ఉంది. చంద్రుడు సగటున రోజుకు 13 డిగ్రీలకు కాస్త ఎక్కువ కదులుతాడు. జ్యోతిషశాస్త్రంలో దీన్ని మధ్యమ గతి అంటారు. అయితే భూమికి దగ్గరగా వచ్చినప్పుడు వేగం పెరిగి 15 డిగ్రీలు దాటుతుంది. దూరమైనప్పుడు 12 దగ్గరకు పడిపోతుంది. అందుకే తిథి ఒకసారి 20 గంటలకే ముగుస్తుంది, ఇంకోసారి 26 గంటలు దాటినా ఉంటుంది. 'ఈసారి ఏకాదశి రెండు రోజులొచ్చిందేంటి?' అని బామ్మలు అడగడానికీ, కొన్నిసార్లు ఒక తిథి సూర్యోదయమే చూడకుండా పోవడానికీ కారణమిదే. చంద్రుడు సగటు వేగంతోనే నడిచేవాడైతే పంచాంగం రాయడం చాలా తేలికయ్యేది!

1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు ఈ విషయాన్ని స్పష్టంగా పట్టుకున్నాడు. చంద్రుడి వేగం క్షణక్షణం మారుతుంది కాబట్టి తిథి ముగిసే వేళను కచ్చితంగా కట్టాలంటే రోజు మొత్తానికి తీసిన గతి చాలదనీ, ఆ వేళకుండే 'తాత్కాలిక గతి' కావాలనీ చెప్పి, దాన్ని లెక్కించే పద్ధతి కూడా ఇచ్చాడు. కలనగణితం మొత్తం ఆయనే కనిపెట్టాడని కాదుగానీ, ఆ దారిలో న్యూటన్‌ కన్నా ఐదు శతాబ్దాల ముందు పడిన అడుగది.

కోనసీమకు ఈ తేడాను మరిచిపోలేని విధంగా నేర్పింది గాలి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. తుపాను వార్తల్లో చెప్పే గాలి వేగం కూడా ఒక సగటే. కొన్ని దేశాలు ఒక నిమిషానికి, మన వాతావరణ శాఖ మూడు నిమిషాలకు, ఇంకొందరు పది నిమిషాలకు సగటు తీస్తారు. ఆ సగటును మించి ఒక్కసారిగా విసురుగా వచ్చే ఈదురు వేరు. అందుకే ప్రకటనల్లో గాలి వేగం చెప్పాక 'ఒక్కోసారి ఇంతకు పెరగొచ్చు' అని ఇంకో అంకె కలుపుతారు. వంగి నిలబడ్డ చెట్టును చివరికి కూల్చేసేది ఆ విసురే.

కెమెరా దగ్గర బుద్ధిమంతులు

స్పీడుగన్‌ చూసేది క్షణాన్నే కాబట్టి జనం దానికీ విరుగుడు కనిపెట్టారు. కెమెరా వంద మీటర్లుందనగా బ్రేకు, దాటగానే యాక్సిలరేటరు. ఎదురొచ్చే డ్రైవరు లైటు కొట్టి 'ముందు ఉన్నారు' అని చెప్పడం సరే సరి! దీనికి మందుగా ఇంజినీర్లు మళ్లీ సగటు దగ్గరకే వెళ్లారు. రోడ్డు మీద రెండు చోట్ల కెమెరాలు పెట్టి, ఒకే నంబరు బండి మొదటిదాన్నీ రెండోదాన్నీ ఎప్పుడు దాటిందో చూస్తారు. పది కిలోమీటర్ల ముక్కను ఐదు నిమిషాల్లో దాటితే సగటు 120. పరిమితి 100 అయితే చలానా ఖాయం.

'నేనెక్కడా వంద దాటలేదు' అని వాదించడానికి వీల్లేదా? లేదు. ఇంటర్‌ గణితంలో పిల్లలు బట్టీపట్టే లెగ్రాంజ్‌ మధ్యమ మూల్య సిద్ధాంతం అక్కడ సాక్షిగా నిలబడుతుంది. ఒక ప్రయాణంలో సగటు వేగం 120 అయితే, దారిలో కనీసం ఒక్క క్షణమైనా ముల్లు సరిగ్గా 120 చూపించి తీరాలి. ఎవరూ చూడకపోయినా సరే! బ్రిటన్‌లో 1999 నుంచి, ఇటలీ రహదారుల మీద 2005 నుంచి ఇలాంటి కెమెరాలున్నాయి. మన దేశంలో ముంబయి-పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద 2024లో వచ్చాయి.

అయితే దీనికీ ఓ కన్నముంది. ఈ సిద్ధాంతం ఒకవైపే పనిచేస్తుంది. సగటు ఎక్కువైతే ఎక్కడో తప్పు జరిగినట్టే. సగటు తక్కువైనంత మాత్రాన తప్పు జరగలేదని కాదు. రెండు కెమెరాల మధ్య 130లో దూసుకొచ్చి, రోడ్డు పక్క హోటల్లో కారాపి పది నిమిషాలు టీ తాగితే సగటు చక్కగా దిగిపోతుంది. కెమెరా 'మంచి డ్రైవరు' అనేస్తుంది. కానీ ఆ 130లో దాటేసిన క్షణాలను ఏ టీ తుడిచేయలేదు. అప్పుడు ఎదురుగా గేదె రాలేదు, అంతే!

అందుకే ఒక కెమెరా చాలదు, ఒక లెక్కా చాలదు. ఎప్పుడు బయల్దేరాలో తేల్చుకోవడానికి సగటు వేగం కావాలి. ఆ ఎనిమిది నిమిషాలు కావాలనుకుంటే వాటిని హైవే మీద కాదు, ఇంటి దగ్గరే సంపాదించుకోవాలి... చెప్పులేసుకునేటప్పుడు! రోడ్డెక్కాక మాత్రం గడియారాన్ని మరిచిపోయి ముల్లును చూసుకోవాలి.

ఈ సూత్రం తెలియడానికి ఇంటర్‌ గణితం చదవక్కర్లేదు. రాజమండ్రిలో బయల్దేరేముందు ఇంటికి ఫోన్‌ చేస్తే అమ్మ రెండే మాటలంటుంది. 'ఎంతసేపట్లో వస్తావురా?' అన్నది మొదటిది. అది సగటు వేగం. 'నెమ్మదిగా రా నాన్నా' అన్నది రెండోది. అది తక్షణ వేగం.

మొదటిదానికి జవాబు కాస్త తప్పినా అమ్మ ఏమీ అనుకోదు. అన్నం మళ్లీ వేడిచేస్తుంది.

ఆదివారం లెక్క

ఆలమూరు నుంచి మండపేట 12 కిలోమీటర్లనుకుందాం. వెళ్లేటప్పుడు గంటకు 40 కిలోమీటర్ల వేగం, వచ్చేటప్పుడు 60. సగటు ఎంత? '50' అన్నారా? అందరూ అదే అంటారు! వెళ్లడానికి 18 నిమిషాలు, రావడానికి 12. మొత్తం 24 కిలోమీటర్లకు అరగంట. సగటు 48. నెమ్మదిగా వెళ్లిన దారిలో ఎక్కువసేపు గడిపాం కాబట్టి సగటు అటే మొగ్గింది.

ఇంకొకటి. అదే దారిలో వెళ్లేటప్పుడు 30లో వెళ్లారు. రాకపోకలకు కలిపి సగటు 60 రావాలంటే తిరిగొచ్చేటప్పుడు ఎంత వేగంతో రావాలి? 90 అని తొందరపడకండి. 24 కిలోమీటర్లకు సగటు 60 అంటే మొత్తం 24 నిమిషాల్లో ముగియాలి. వెళ్లడానికే 24 నిమిషాలూ అయిపోయాయి! ఇక రాకెట్టెక్కి వచ్చినా కుదరదు. పోయిన సమయాన్ని వేగంతో తిరిగి కొనుక్కోలేమని ఇంతకంటే సూటిగా చెప్పే లెక్క ఇంకోటి లేదు.